తిరుపతమ్మ ఊదిన పొడి

"ఈ పొడి మింగి మింగి ఏదో ఒకనాడు నా కొడుకు కడుపుల చెట్టు మొలుస్తది," అంది తిరుపతమ్మ, ఇంజన్ ఇంకా మొదలుకాకముందే.

ఆమె కొడుకు మద్దిలేటి వనపర్తిలో వడ్రంగి. రాయచూరు నుంచి నూనె ఇంజన్ తెచ్చి రెండు నెలలైంది. తోలుపట్టాతో అది ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ముఖానికి ఉప్పుకాగితం అంటించి ఉంటుంది. కర్రను ఆనిస్తే నాలుగు రోజుల నునుపుపని గంటలో అయిపోతుంది. ఆ గంటలో లేచిన పొడి మాత్రం నాలుగు రోజులైనా దిగదు. ఆనాడు పసుపు కడిమి కర్రతో చేసిన పన్నెండు కుర్చీలు నునుపు చేయాలి. మధ్యాహ్నం వాటి కోసం కొల్లాపూర్ నుంచి బండి వస్తుంది.

"పరేషాన్ గాకు అత్తా. చక్రం ఎనుక తడి గోనెపట్ట కట్టిన. సగం పొడి దానికే అంటుకుంటది," అంది కోడలు యాదమ్మ.

"దీనిది దివాన్ బుర్రనే అమ్మా," అని మద్దిలేటి మురిసిపోయాడు.

తిరుపతమ్మకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. పాతికేళ్లుగా వాడి దగ్గుకు మిరియాల కషాయం కాస్తున్నది తను. ఒక్కనాడైనా తన బుర్రకు దివాన్‌గిరీ దక్కలేదు. మొన్న వచ్చిన పిల్ల గోనెపట్ట కడితే దక్కింది. ఇట్లాగే పోతే కొడుకు రేపు తన మాట వినడు, ఎల్లుండి తన మొహం చూడడు. సరే, సగం పొడి కోడలిదైతే మొత్తం పొడి తనది కావాలి.

వాళ్లు సద్ది తింటుండగా ఆమె కమ్మరి బక్కయ్య దగ్గరికి పోయి కొలిమి తిత్తి అడిగింది.

"తిత్తి గాలి ఊదుతది పెద్దమ్మా, పొడి పీల్చదు," అన్నాడు బక్కయ్య.

"ఊదితెనే గద బయటికి పోతది. నువ్వియ్యి."

అడ్డంగా ఉన్న గోనెపట్ట విప్పేసింది. వీధివైపు కిటికీ బార్లా తెరిచింది. కొత్త ఏర్పాటుకు ఎవరి దిష్టి తగులుతుందోనని గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంజన్ మోత మొదలు కాగానే తిత్తి నొక్కడం మొదలుపెట్టింది. పొడి బుద్ధిగా కిటికీలోంచి వీధిలోకి పోయింది. లోపల అద్దంలా ఉంది. మద్దిలేటి తల ఎత్తి చూసి నవ్వాడు. చాలు, అనుకుంది తిరుపతమ్మ.

బయట గడప మీద, అరుగు మీద, పసుపు పొడి మందంగా పరుచుకుంది. పైన వేపమండలు. ఎదురింటి సత్తెమ్మ చూసి నీళ్లబిందె దించింది. పసుపు గడప, వేపాకు గుమ్మం కనబడితే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసినట్టే. అటువంటి ఇంట్లోకి పొరుగువాళ్లు అడుగు పెట్టరు, ఆ ఇంటి వస్తువు బయటికి పోదు.

ఇంజన్ ఆగేసరికి వీధిలో ఇరవై మంది ఆడవాళ్లున్నారు. చేతుల్లో మజ్జిగ ముంతలు, పెరుగన్నం. పసుపు మొహంతో మద్దిలేటి బయటికి రాగానే అందరూ దండం పెట్టారు.

తిరుపతమ్మకూ అనుమానం వచ్చింది. కొడుకు నుదురు పట్టి చూసింది. కాలుతున్నది.

"ఇంజన్ పక్కకు నిల్సుంటె కాలదా అమ్మా," అన్నాడు వాడు. యాదమ్మ కొంగు తడిపి మొహం తుడిచింది. పసుపు పోయింది. కింద ఒక్క పొక్కు లేదు.

"చూసిండ్రా," అంది సత్తెమ్మ. "అమ్మ చల్లగ వచ్చి చల్లగ పోయింది. యాదమ్మ చెయ్యి తగిలింది గద. ఈ పిల్ల పుణ్యమే ఇదంత."

ఆడవాళ్ల చేతులు యాదమ్మ వైపు తిరిగాయి. తిరుపతమ్మ అంతవరకూ ఓర్చుకుంది. ఇక కాలేదు.

"ఎవరి పుణ్యం? ఆ పసుపు ఊదింది నేను. తిత్తి తెచ్చింది నేను. వేపమండ కట్టింది నేను. అది కర్రపొడి. అమ్మ లేదు గిమ్మ లేదు."

సత్తెమ్మ మజ్జిగ ముంత మీద మూత పెట్టుకుంది. ఒక్కొక్కరే ఇండ్లకు పోయారు. అప్పుడు కనబడింది కొల్లాపూర్ బండి. గుమ్మాన్ని దూరం నుంచే చూసి, ఖాళీగానే మలుపు తిరిగిపోతున్నది. మద్దిలేటి అరుస్తూ ఊరి చివరి దాకా పరుగెత్తి, ఒంటరిగా తిరిగొచ్చాడు.

వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. యాదమ్మ నీళ్లిస్తే తాగాడు. తిరుపతమ్మ గడప ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది. ఎండ అరుగు దిగి వీధిలోకి పోయింది.

"జర మాట్లాడు కొడుకా," అంది చివరికి. "తిట్టినా తిట్టు. ఒక్క మాట చెప్పు. లోపల పొడి పోయింది ఎవరి తెలివితోని?"

మద్దిలేటి పన్నెండు కుర్చీల వైపు చూశాడు.

"నీ తెలివితోనే అమ్మా. దానెంట బండి గూడ పోయింది."