మేకు దిగిన వైనం

భాస్కరుడు నీళ్ల ట్యాంకు శిఖరాన్ని అధిరోహించి, మేడమీద ఆరేసిన దుప్పట్లపై స్వర్ణకిరణాలు కురిపిస్తున్న శుభవేళ, ఇరుకు సందులో మూడో ఇంటి పైవాటాలో, పత్రారణ్యసంచారి, దరఖాస్తుదళనధురంధరుడు, అచంచల ధైర్యధనుడు అయిన పన్నుల సలహాదారు సుత్తి చేతబట్టి గోడ ముందు నిలిచాడు.

అతని ఆశయం అల్పమైనది కాదు. సముద్రాల ఆవల ఏదో దీవిలో కొలువుండి, ఈ దేశంలో గొడుగులు అమ్మదలచిన కంపెనీకి వ్యాట్ నమోదు చేయించే భారం ఆ భుజస్కంధాలపై పడింది. ఇక్కడ ఇల్లూ వాకిలీ లేని కంపెనీకి ఇక్కడివాడొకడు ప్రతినిధిగా ఉండాలనీ, అతని గుమ్మం పక్క గోడకు కంపెనీ బోర్డు బిగించి ఉండాలనీ శాసనం. పదకొండింటికి తనిఖీ అధికారి వస్తాడు. బోర్డు లేకపోతే దరఖాస్తు తిరస్కృతం. రెండేళ్లుగా ఈగలు తోలుకుంటున్న మన వీరుడికి దొరికిన ఏకైక కంపెనీ కాస్తా గల్లంతై, ఈ వాటా ఖాళీచేసి బావమరిది దుకాణంలో కూర్చోవలసిందే.

అంతలో మెట్లమీద చెప్పుల చప్పుడు. ముప్పైయేళ్లలో అద్దెకు దిగిన పన్నెండు కుటుంబాల చేత క్యాలెండర్లను సైతం కిటికీ ఊచలకే కట్టించిన కుడ్యసంరక్షణదీక్షాపరాయణ, ఇంటావిడ వచ్చి, గోడకూ సుత్తికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"ఓ కుడ్యపాలినీ! సాగరాంతరవాణిజ్యభారాన్ని మోయనున్న ఈ లోహకీలకానికి అంగుళమాత్ర స్థలం ప్రసాదించు! కాదంటివా, ఈ సుత్తి ఘోషకు దిక్కులు దద్దరిల్లగలవు!" అని వీరుడు మనసులో గర్జించాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"పిన్నిగారూ, ఒక్కటే మేకు. చిన్నది."

"ఇవాళ ఒకటంటావు, రేపు దాని పక్కన ఇంకోటంటావు. కుర్చీలో పెట్టుకో నాయనా."

కుర్చీలో పెడితే జారింది. టేపుతో అంటిస్తే ఊడి, వీరుడి బొటనవేలిపై పడింది. చివరికి సహధర్మచారిణి బోర్డును గోడకు ఆనించి, పొయ్యిమీద పాలు పొంగుతున్నా చలించక, రెండు చేతులా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే అధికారి వచ్చి, ఫోటో తీయబోయి ఫోను ఎత్తాడు, దించాడు.

"బోర్డు కనబడుతోందండీ. చేతులు కూడా కనబడుతున్నాయి. బిగించి లేదని రాసుకోమంటారా?"

వీరుడు సుత్తి కింద పెట్టేశాడు. అది చూసి ఇంటావిడ మనసు చివుక్కుమంది. నిరుడు తన ఇంటి కాగితాల్లో తప్పు దిద్దించడానికి, కాఫీ కూడా ఆశించకుండా, ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఈ అబ్బాయే.

"నువ్వు కొడితే పెచ్చులూడతాయి. ఇలా తే" అని ఆవిడే సుత్తి అందుకుంది.

మొదటి దెబ్బకు పిట్టగోడ మీది పావురాలు దిగంతాలకు ఎగిరాయి. రెండో దెబ్బకు పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. మూడో దెబ్బకు మేకు దిగి, బోర్డు గోడకు నిలిచింది. అధికారి ఫోటో తీసుకుని, సరేనని రాసుకుని వెళ్లిపోయాడు.

దిక్పాలకులారా, వినండి! సప్తసముద్రాల ఆవలి కంపెనీకి ఈ గడ్డమీద అంగుళమున్నర లోతున స్థిరనివాసం సిద్ధించింది! వీరుడి కళ్లు చెమ్మగిల్లాయి. భార్య పాలు దించడానికి పరుగెత్తింది.

ఇంటావిడ ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి బోర్డును పరికించింది.

"ఎడమకి వాలింది. ఇంకో మేకు ఉందా?"