తలుపులో చిక్కిన నల్లజెండా

సదయ్య ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. రామగుండం స్టేషనుకు వెళ్లాలి, కొత్త రైలుకు నల్లజెండా చూపించాలి, మధ్యాహ్నం భోజనానికి గోదావరిఖనిలో ఇంటికి చేరుకోవాలి. పోలీసులు పట్టుకుపోతే మాత్రం సాయంత్రమవుతుంది. ఈ సంగతి భార్య ఐలవ్వకు చెబితే, పట్టుకుపోయేదీ లేనిదీ తేలగానే ఫోన్ చెయ్యమంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆమెకు తెలియాలట.

గనిలో పని చేసి రిటైరైన సదయ్యకు ఆ రైలు మీద కోపం ఊరికే రాలేదు. ఐలవ్వకు హైదరాబాదులో గుండె ఆపరేషన్ అయింది. నెలనెలా అక్కడి దవాఖానకు వెళ్లి చూపించుకోవాలి. కిందటిసారి రైల్లో కూర్చునే చోటు దొరక్క, కాజీపేట దాకా ఆమె మరుగుదొడ్డి పక్కన నిలబడే ప్రయాణం చేసింది. జనం ఆమె మీద పడకుండా సదయ్య రెండు చేతులూ గోడకు ఆనించి, ఆమె చుట్టూ కంచెలా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కొత్త రైలు వస్తోందని పేపర్లో చదివాడు. తెల్లగా మెరిసే బండి, మెత్తని సీట్లు, చల్లని గాలి, వాటంతటవే మూసుకునే తలుపులు. ప్రారంభం రోజున ఉపన్యాసాల కోసం రామగుండంలో ఆగుతుంది. మర్నాటి నుంచి ఆగకుండా దూసుకుపోతుంది.

దాని మీద ఊళ్లో హాల్టు సాధన కమిటీ ఒకటి పుట్టింది. కార్యదర్శి సంపత్ పిలుపు ఇవ్వగానే వాట్సాప్ నిండా పిడికిలి బొమ్మలు వచ్చాయి. తీరా ఆ పొద్దున సదయ్య గుమ్మం ముందుకు వచ్చింది ఐలవ్వ తమ్ముడు పోశం ఒక్కడే. అతనికి రెండో షిఫ్టు డ్యూటీ కాబట్టి పొద్దున ఖాళీ. జెండా తెస్తానన్న సంపత్ ఫోన్ ఎత్తలేదు.

జెండా లేని నిరసన ఏమిటని సదయ్య కూలబడితే, పోశం ఇంటికి పోయి నల్ల లుంగీ, నల్ల తువ్వాలు పట్టుకొచ్చాడు. అతని కొడుకు ప్రశాంత్ శబరిమల వెళ్లివచ్చి మొన్ననే మాల తీశాడు. ఆ బట్టలు దండెం మీద ఆరుతున్నాయి. దేవుడి బట్టతో కొట్లాటేమిటని సదయ్య వెనకాడాడు. మాల తీశాక అది లుంగీయేనని పోశం తేల్చాడు.

స్టేషను దగ్గర జనం తిరునాళ్లలా ఉన్నారు. తోపులాటలో సదయ్య చెప్పు తెగింది. ఒక్క చెప్పుతో పోరాటానికి పోవడం బాగుండదని రెండోదీ అక్కడే వదిలేశాడు. గేటు దగ్గర కానిస్టేబులు సంచి తెరవమన్నాడు. నల్లబట్టలు కనిపించగానే అతని ముఖం గట్టిపడింది. తర్వాత సదయ్య నెరిసిన గడ్డాన్నీ, ఒట్టి పాదాలనూ చూసి మెత్తబడింది.

సదయ్య అబద్ధమాడే మనిషి కాదు. నిరసన తెలపడానికి వచ్చామని చెప్పబోతుండగానే కానిస్టేబులు చేతులు జోడించి, "స్వామి శరణం" అన్నాడు.

"స్వామి శరణం" అన్నాడు పోశం ఆలస్యం చెయ్యకుండా.

లోపలికి వచ్చాక సదయ్య బావమరిది మీద విరుచుకుపడ్డాడు. ముందు లోపలికి రావడం ముఖ్యమనీ, నిజం తర్వాతైనా చెప్పుకోవచ్చనీ పోశం వాదన. వాదిస్తూనే సంచిలోంచి తువ్వాలు తీసి తన మెడలో, లుంగీ తీసి బావ భుజాన వేశాడు.

ప్లాట్‌ఫారం మీద చక్రపాణి అనే రైల్వే అధికారి చెమటలు కక్కుతున్నాడు. మొదటి ప్రయాణంలో పాటలు పాడుతూ వెళ్లాల్సిన బడిపిల్లల బస్సు బసంత్‌నగర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయింది. వాళ్ల కోసం ఉంచిన పెట్టె ఖాళీగా ఉంది. టీవీ వాళ్లు కెమెరాలతో సిద్ధంగా ఉన్నారు. ఆయన కళ్లకు ఈ ఇద్దరూ దేవుడు పంపినట్టే కనిపించారు.

"రండి స్వామీ, మొహమాటపడకండి. ఇది మీ బండే అనుకోండి" అంటూ పెట్టె వైపు నడిపించాడు.

తాము ఎక్కబోమని, ఈ రైలును వ్యతిరేకిస్తున్నామని సదయ్య స్పష్టంగానే చెప్పాడు. కానీ బ్యాండు మోతలో చక్రపాణికి వ్యతిరేకత వినపడలేదు, వినయం మాత్రం కనపడింది. అంతలో సదయ్యకు ఒక ఆలోచన వచ్చింది. గుమ్మంలో నిలబడి జెండా విప్పితే వేదిక మీదున్న నాయకుల దాకా కనిపిస్తుంది. అందుకని తనంతట తానే ఎక్కాడు. లుంగీని గుమ్మం బయటికి చాచి విప్పాడు, నినాదం కోసం గొంతు సవరించుకున్నాడు. నినాదం బయటికి వచ్చేలోగా తలుపు మూసుకుంది. లుంగీ సగం లోపల, సగం బయట ఉండిపోయింది. రైలు కదిలింది.

సదయ్య తలుపును గుద్దాడు, తోశాడు, కాలు తన్నిపట్టి లాగాడు. గనిలో ఎన్నో తలుపులు తెరిచిన మనిషికి అది లొంగలేదు. వెనకాలే ఎక్కిన పోశం మాత్రం అప్పటికే మెత్తని సీట్లో కూర్చుని, అది వెనక్కి ఎంత వాలుతుందో చూస్తున్నాడు.

బయట ఎగురుతున్న నల్లజెండాను దారి పొడుగునా జనం చూశారు. పెద్దపల్లి ప్లాట్‌ఫారం మీద ఎవరో అది చూసి శరణుఘోష మొదలుపెట్టారు. టీవీ అమ్మాయి కెమెరా పట్టుకుని వస్తే సదయ్య పిడికిలెత్తి, ఈ రైలు మా ఊళ్లో ఆగకపోతే ఊరుకునేది లేదని గట్టిగా చెప్పాడు. మైకు పనిచెయ్యలేదు. కాసేపటికి పెట్టెలోని టీవీ తెరమీద, చెయ్యెత్తి రైలును దీవిస్తున్న గోదావరిఖని స్వామి కనిపించాడు.

భోజనాల వేళకు పెట్టె నిండా మసాలా వాసన నిండింది. స్వాములకు మాత్రం ప్రత్యేక గౌరవంతో పాలు, అరటిపళ్లు వచ్చాయి. పక్కసీట్లలో టీవీ వాళ్ల, రైల్వే వాళ్ల పళ్లేల్లో చికెన్ కనిపించేసరికి, నిజం చెప్పేయడమే ధర్మమని పోశానికి మొదటిసారి అనిపించింది. తాను స్వామిని కానని అతను చెబితే, పెట్టేవాడు నవ్వి ఇంకో పండు చేతిలో పెట్టాడు.

అప్పుడే ఐలవ్వ ఫోన్ చేసింది. టీవీ చూసి సంపత్, కమిటీ వాళ్లు ఇంటి మీదికి వచ్చారట. సదయ్య రైలు వాళ్లకు అమ్ముడుపోయాడని అరిచారట. స్టేషనుకు మీరెవరూ ఎందుకు పోలేదో ముందు చెప్పండని ఆమె గుమ్మంలో నిలబడి అడిగేసరికి, ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కున్నారట.

"నువ్వు గిప్పుడు ఉత్తగ దిగి వస్తివా, వాళ్లన్నదే నిజమైతది" అంది ఐలవ్వ. "ఎట్లనో ఎక్కినవ్. మాట తీసుకున్నంకనే దిగు. బువ్వ నేను రాత్రికే వండుత."

కాజీపేటలో రైలు ఆగింది. తిరుగు బండిలో పంపిస్తాను, దిగమన్నాడు అదే రైల్లో వచ్చిన చక్రపాణి. సదయ్య సీటు చేతులను రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను దిగ సార్. రామగుండంల హాల్టు ఇచ్చేదాక దిగ. ఇంకో మాట, నేను స్వామిని గాదు. గనిల పనిచేసినోన్ని."

తలుపు తెరుచుకోవడంతో బయటపడిన లుంగీని ఎవరో భక్తుడు తీసి కళ్లకద్దుకుని, తెచ్చి సదయ్య మెడలో వేశాడు. స్వామికి కోపం వచ్చిందన్న మాట ప్లాట్‌ఫారమంతా పాకింది. జనం కిటికీల దగ్గర మూగారు. దించమని పంపిన కానిస్టేబుళ్లు లోపలికి వచ్చారు గానీ, ముట్టుకోవడానికి చేతులు రాక నమస్కారం పెట్టి నిలబడ్డారు.

సదయ్య లేచి నిలబడ్డాడు. ఈసారి నినాదం ఇవ్వలేదు.

"బొగ్గు మేం తీసినం. మా బొగ్గుతోని మా ఊళ్లెనే కరెంటు తయారైతది. ఆ కరెంటుతోని రైళ్లు ఉరుకుతయి. మరి మా ఊళ్లె ఆగితె ఏం పోతది? నా పెండ్లాం గుండె కోయించుకున్న మనిషి. గా మనిషిని మరుగుదొడ్డి కాడ నిలవెట్టుకొని తోల్కవోయిన. ఇంకోపారి తోల్కపోను. గుంజుకపోతె గుంజుకపోండ్రి."

పెట్టెలో నములుతున్నవాళ్లు కూడా ఆపారు. చక్రపాణి ఫోను పట్టుకుని పెట్టె చివరి దాకా నడిచాడు. మొదటి ప్రయాణమే ఆలస్యమవుతోంది, జనం పెరుగుతున్నారు, టీవీలో మైకు కూడా బాగుపడిందని పైవాళ్లకు విన్నవించుకున్నాడు. తిరిగివచ్చేసరికి ముఖం తేటపడింది. అయ్యప్ప భక్తుల సౌకర్యం కోసం రామగుండంలో తాత్కాలిక హాల్టు ఇస్తున్నారని చెప్పాడు.

సదయ్య కూర్చున్నాడు. భక్తుల కోసం కాదు, దవాఖానకు పోయేవాళ్ల కోసమని ప్రకటిస్తేనే దిగుతానన్నాడు.

చక్రపాణి వంగి, గొంతు తగ్గించాడు. "మీరు స్వామి కాదని నాకు ఇందాకే తెలిసిందండీ. రోగుల కోసమంటే ఈ ఫైలు ఢిల్లీ వెళ్లాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేను. భక్తుల కోసమంటే ఇవాళే అయిపోతుంది. తర్వాత దాన్ని తీసెయ్యమని సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. మీ ఇష్టం."

జన్మలో అబద్ధమాడని సదయ్య మెడలోని లుంగీ తీసి మడత పెట్టసాగాడు.

"బావా, అక్క కూసోని పోవాలె" అన్నాడు పోశం. పొద్దుటి నుంచీ తిండి కోసం కాకుండా అతను చెప్పిన నిజం అదొక్కటే.

సదయ్య లేచాడు. స్వామిని కానని మాత్రం ఇంకొకసారి అందరికీ వినబడేలా చెప్పి మరీ దిగాడు. ప్లాట్‌ఫారం మీద ముసలమ్మలు ఆయన కాళ్లకు మొక్కారు.

వారం తిరగకుండా ఊళ్లో ఫ్లెక్సీలు వెలిశాయి. హాల్టు సాధించిన వీరుడిగా వాటిలో సంపత్ నవ్వుతున్నాడు. సదయ్య తగవుకు పోతానంటే ఐలవ్వ ఆపింది, దవాఖాన తారీఖు దగ్గరికి వచ్చింది. చక్రపాణి చెప్పినట్టే, భక్తుల సీజను ముగిసినా హాల్టును ఎవరూ ముట్టుకోలేదు.

ఇద్దరూ కలిసి మొదటిసారి ఆ రైలెక్కిన రోజున సదయ్య భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను పక్కసీట్లో నిటారుగా కూర్చున్నాడు. ఐలవ్వ సీటుకు తల ఆనించగానే నిద్రపోయి హైదరాబాదులోనే కళ్లు తెరిచింది. రైలు ఎట్లున్నదని సదయ్య ఆశగా అడిగితే, తాను చూడలేదంది.