లేబుల్ లేనివారికి ప్రవేశం లేదు

ఆ ఉదయం అమీర్‌పేట మీద మబ్బు కమ్ముకుని ఉంది. కురవలేదు, కదలలేదు. అలాంటి వేళ మా మెస్సు పైగదిలో ఉండే చక్రపాణి గారు తెలుగుజాతి మరువలేని ప్రకటన ఒకటి చేశారు. ఇంటర్నెట్లో ఆయన నడిపే 'తెలుగు చర్చావేదిక'లో ఇకనుంచి ప్రతి సభ్యుడూ పేరుకు ముందు లేబుల్ తగిలించుకోవాలి. తెలంగాణవాది, లేదా సమైక్యవాది. ఏదీ తగిలించుకోనివాడు 'ద్రోహి'.

ప్రకటనను నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, ఇడ్లీ తింటూ నాకు చదివి వినిపించారు. నేను ఆ మెస్సులో వడ్డించేవాణ్ణి.

"నీ లేబుల్ ఏంటయ్యా?" అన్నారు.

"చట్నీ వెయ్యమంటారా?" అన్నాను.

నన్ను ద్రోహి కింద రాసుకున్నారు.

ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. చక్రపాణి గారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి ఆరు నెలలైంది. భీమవరంలో ఉన్న భార్య హైమవతి గారికి ఆ సంగతి తెలియదు. దసరాకు కాపురానికి వచ్చేస్తానని ఫోన్లో చెబుతున్నారు. ఆవిడ బస్సు దిగేలోగా ఏదో ఒక ఆఫీసులో ఈయనకో కుర్చీ కావాలి. పంజాగుట్టలో ఒక పార్టీ నగర కార్యదర్శి రామ్మోహనరావు గారు ఇంటర్నెట్ విభాగానికి కన్వీనర్ను వెతుకుతున్నారు. వేదికలో పన్నెండు వందల మంది సభ్యులున్నారని విని ముచ్చటపడ్డారు. ఎవరు ఎటువైపో తేల్చమన్నారు. ఆపైన, ఆదివారం నాటికి కనీసం ముప్పై మందిని మనుషుల రూపంలో చూపించమన్నారు.

లేబుళ్లు వచ్చాక వేదిక కళకళలాడింది. కందిపప్పు ధర ఎందుకు పెరిగిందని అడిగినవాణ్ణి ముందు నువ్వెవరో చెప్పమన్నారు. యూసుఫ్‌గూడలో గది దొరుకుతుందా అన్నవాణ్ణి ఇరుపక్షాలూ కలిసి తరిమాయి. లేబుల్ మార్చుకోవాలంటే ఇద్దరు సాక్షులు కావాలని చక్రపాణి గారు నిబంధన తెచ్చారు. అందరిలోకీ 'ఓరుగల్లు పిడుగు', 'కోనసీమ కెరటం' అనే ఇద్దరు వీరులు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తిట్టుకునేవారట. భోజనానికి ఇద్దరూ ఒకేసారి ఆగేవారట. అంతటి క్రమశిక్షణ నేను సర్కారు ఆఫీసుల్లో కూడా చూడలేదు.

చక్రపాణి గారి గదిలోనే ఉండే ప్రవీణ్‌ది కరీంనగర్. కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే సబ్బు వాడుకునేవారు. మాటలు మాత్రం తక్కువ.

ఆదివారం మెస్సులో రెండు బల్లలకు రెండు లేబుళ్లు అంటించాం. రామ్మోహనరావు గారు కండువా సర్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. గంట గడిచింది. ఒక్కరూ రాలేదు. చక్రపాణి గారి చొక్కా వీపున తడిసింది. చివరికి ప్రవీణ్ మెట్లు దిగి వచ్చి, సమైక్యవాదుల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అది సమైక్యవాళ్లది, ప్రవీణ్."

"ఎరుకే అన్నా. కోనసీమ కెరటం నేనే."

"నీది కరీంనగర్ కదా?"

"మనోళ్ల దిక్కు మస్తు మంది ఉన్నరు. ఏం రాసినా ఎవ్వడు జవాబియ్యడు. ఇటు రాస్తే గా పిడుగన్న రోజూ తిడ్తడు. జర నేను సుత ఒక మనిషిననిపిస్తది."

"ఆ పిడుగుని నేనేనయ్యా," అన్నారు చక్రపాణి గారు. తర్వాత నెమ్మదిగా నడిచివెళ్లి తెలంగాణవాదుల బల్ల దగ్గర కూర్చున్నారు.

రామ్మోహనరావు గారు ఈ బల్లా ఆ బల్లా చూశారు. "మిగతా పన్నెండు వందల మంది?"

"ఏడు వందల పేర్లు నావేనండి," అన్నారు చక్రపాణి గారు, తల ఎత్తకుండా.

"తక్కినయి నావి సార్," అన్నాడు ప్రవీణ్. "ముప్పై నలభై మంది అసలు మనుషులు కూడా ఉండిరి. లేబుల్ పెట్టినంక పోయిండ్రు."

చక్రపాణి గారు లేచి, బల్లలకు అంటించిన లేబుళ్లు పీకడం మొదలుపెట్టారు.

"ఉండవయ్యా," అన్నారు రామ్మోహనరావు గారు. "మావాళ్లు ముప్పై మంది కలిసి ఇద్దర్ని పోగుచెయ్యలేకపోతున్నారు. మీరిద్దరే ఇంతమందయ్యారా? చక్రపాణీ, నువ్వు రేపు ఆఫీసుకి వచ్చెయ్. కుర్రాణ్ణి మా వియ్యంకుడి దగ్గరికి పంపిస్తా. అవతలి పార్టీలో ఈ పని ఆయనే చూస్తాడు."

"అక్కడ నేను ఎవరి దిక్కు రాయాలె సార్?"

"అది మీరిద్దరూ మాట్లాడుకోండి."

ఒక బల్ల మీదే ఫ్యాను తిరుగుతోంది. ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. వడ్డించాక నన్నూ కూర్చోమన్నారు. అన్నం, పప్పు, దొండకాయ వేపుడు. పెరుగు దాకా ఎవరూ ఎవరి లేబులూ అడగలేదు.