ఎనిమిదో రోజు జ్వరం

ఫిబ్రవరి పన్నెండు, బుధవారం, ఉదయం ఏడున్నర. స్వీడన్‌లోని యావ్లె పట్టణంలో ఒక మూడో అంతస్తు వంటగది. హాజరైనవారు: టోర్కెల్, అతని భార్య అన్నెలీ, ఐదేళ్ల కూతురు టీరా, టీరాను వదలని వైరల్ జ్వరం. జ్వరానికి అది ఎనిమిదో రోజు.

మొదటి ఏడు రోజులూ అన్నెలీ సెలవు పెట్టింది. ఫ్రిజ్‌కు అంటించిన ఒప్పందం ప్రకారం రెండో వారం టోర్కెల్‌ది. పైగా ఆ రోజు పదింటికి అన్నెలీకి వంతెనల శాఖాధిపతి పదవికి ఇంటర్వ్యూ ఉంది. జ్వరం పుణ్యమా అని అది ఒకసారి వాయిదా పడింది. రెండోసారి వాయిదా వేసే దయాగుణం ఆ శాఖకు లేదు.

"పన్నెండు దాకా నాకు ఫోన్ చెయ్యకు. ఇల్లు తగలబడితే ఫైరింజన్‌కి చెయ్యి," అంది ఆమె బూట్లు తొడుక్కుంటూ.

"ఒక్క పూట పిల్లని చూసుకోలేనా?" అన్నాడు టోర్కెల్. వారం రోజులుగా ఆఫీసు నుంచి ఫోన్లో సలహాలిస్తూ పిల్లల పెంపకంలో అతను తగినంత అనుభవం గడించాడు.

చిక్కల్లా ఎనిమిదో రోజుతోనే. ఆ రోజు నుంచి సెలవుకు డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఈ సంగతి టోర్కెల్ కంటే ఎక్కువ తెలిసినవాడు ఊళ్లో లేడు. పిల్లల జబ్బు సెలవులకు డబ్బు చెల్లించే ప్రభుత్వ కార్యాలయంలో సర్టిఫికెట్ లేని దరఖాస్తులను తిప్పి పంపడమే పదకొండేళ్లుగా అతని ఉద్యోగం. "వైద్యులు జ్వరమున్న సమయముననే బిడ్డను స్వయముగా పరీక్షించి యుండవలెను" అన్న నిబంధనను కూర్చినది కూడా అతనే. ఆనాడు సహోద్యోగులు కేకు తెచ్చారు.

ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేస్తే, వైరల్ జ్వరానికి రావలసిన పని లేదని, నీళ్లు తాగించి పడుకోబెట్టమని నర్సు చెప్పింది. సర్టిఫికెట్ కావాలంటే రావాలంది. జ్వరంతో వస్తే నలుగురికీ అంటుతుందని, జ్వరం లేకుండా వస్తే సర్టిఫికెట్ రాదని కూడా ఆమే చెప్పింది. "ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ," అని నిట్టూర్చి, తొమ్మిదీ నలభైకి రమ్మంది. మహానుభావుడు వినయంగా ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిదీ ముప్పావుకి టీరా జ్వరం ముప్పై ఎనిమిదీ పాయింటు తొమ్మిది, అంటే ఫారన్‌హీట్‌లో నూట రెండు. టోర్కెల్ తృప్తిగా పట్టికలో నమోదు చేశాడు. పిల్లకు రెండు స్వెట్టర్లు తొడిగి, దుప్పటి చుట్టి, తాడుతో లాగే మంచుబండి మీద కూర్చోబెట్టి బయలుదేరాడు. సున్నాకు పన్నెండు డిగ్రీల దిగువన చలి. జనం జారిపడకుండా మునిసిపాలిటీ బాటంతా కంకర చల్లింది. కంకర మీద మంచుబండి కదలదు. కాబట్టి టోర్కెల్ ఒక చంకలో పిల్లను, రెండో చంకలో బండిని మోశాడు. చేరేసరికి అతనికి చెమటలు. చల్లగాలికి సేదదీరిన టీరాకు ఆకలి.

నుదురు తాకి చూసి అతను హతాశుడయ్యాడు. పిల్లను హీటరు పక్కన కూర్చోబెట్టాడు.

"నాకు జ్వరం రావాలని మా నాన్న కూచోబెట్టాడు," అని టీరా పక్కనున్న ముసలావిడకు వివరించింది. ఆవిడ కుర్చీ దూరంగా జరుపుకుంది.

డాక్టర్ షిరీన్ చూసేసరికి ముప్పై ఏడు, జ్వరం జాడ లేదు. టోర్కెల్ నాలుగు రంగుల పట్టికను ఆమె ముందు పరిచాడు.

"పట్టిక భేషుగ్గా ఉంది. కానీ నేను చూడాల్సింది జ్వరాన్ని. రూలు మరి," అందామె. అయితే ఒక రోజంతా జ్వరం లేకుండా గడిస్తే తప్ప కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు కాబట్టి, పిల్లను ఇంట్లోనే ఉంచమంది.

సర్టిఫికెట్‌కు చాలినంత జబ్బు లేదు, బడికి చాలినంత ఆరోగ్యం లేదు. ఇదెక్కడి రూలని వాదించబోయి టోర్కెల్ తూలి బల్ల పట్టుకున్నాడు. డాక్టరు థర్మామీటరు అతని చెవిలో పెట్టింది. ముప్పై తొమ్మిదీ పాయింటు మూడు.

"మీకైతే నిక్షేపంగా ఇవ్వొచ్చు," అని సంతకం చేసింది. "ఈ స్థితిలో పిల్లని చూసుకోకండి. వాళ్లమ్మని పిలవండి."

అప్పుడు పదీ అయిదు. సంరక్షకుడు జబ్బుపడితే రెండవవారు వెంటనే బాధ్యత వహించవలెనని కూడా నిబంధన ఉంది. 'వెంటనే' అన్న మాట చేర్చింది టోర్కెలే. అతను ఫోన్ తీశాడు. అన్నెలీ పేరు వెతికి తెర మీదికి తెచ్చాడు.

"అమ్మకి చెయ్యకూడదుగా నాన్నా," అంది టీరా. "ఇల్లు తగలబడలేదుగా."

పదకొండేళ్లలో మొదటిసారి టోర్కెల్ ఒక నిబంధనను తెలిసీ పక్కన పెట్టి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇంటి తలుపు తెరవగానే టీరా జ్వరం నమ్మిన బంటులా తిరిగొచ్చింది.

పన్నెండుంబావుకి అన్నెలీ వచ్చింది. పదవి దక్కింది. సోఫా మీద ఒకే దుప్పట్లో రెండు ఎర్రని మొహాలు, ఎదురుగా రెండు గిన్నెల్లో అడవి గులాబీకాయల సూపు. టీరా తండ్రి నుదుటి మీద తడిబట్ట సర్దుతోంది.

"సర్టిఫికెట్ దొరికిందా?"

"దొరికింది."

"చూశావా, ఊరికే కంగారుపడ్డావ్," అని ఆమె కోటు తగిలించడానికి వెళ్లింది.

తన జ్వరానికి డాక్టరు సంతకం చేసిన కాగితాన్ని టోర్కెల్ నాలుగు మడతలు పెట్టి, థర్మామీటరు పెట్టె అడుగున దాచాడు. ఆ పూట ఎవరిని ఎవరు చూసుకున్నారో రాయడానికి అతని కార్యాలయపు దరఖాస్తులో ఎలాగూ గడి లేదు.