నాటాలు తీరానికి తోడెవరు?

"ఓడల రెండు జాగలు దొరికినయి. నాటాలుకు పోతున్నం" అని మావారు వంటింటి గడప మీద నిలబడి చెప్పినప్పుడు నేను పప్పు ఎనుపుతున్నాను. ఆ తర్వాత ఆ పప్పు ఏమైందో నాకు తెలియదు. ఆనాడు అందరం చారుతోనే తిన్నామని మా అత్తమ్మ ఇప్పటికీ అంటారు.

పాఠకులారా, కొత్తగా పెళ్లయినవాళ్లు సముద్రతీరానికి ఇద్దరే పోవాలనుకోవడం శుద్ధ తెలివితక్కువ పని. ఇంటిల్లిపాదీ వెంట రావాలి. అంతకంటే మేలు, అసలు ఎవరూ పోకుండా ఉండడం. అందులో ఉన్న సుఖం చదువుకొన్న ఆడపిల్లలకు తొందరగా తెలియదు. నేను హైదరాబాదులో ఇంటర్మీడియేట్ దాకా చదివాను కనుక నాకు మరీ ఆలస్యంగా తెలిసింది.

మావారి పెదనాయన కొడుకు రాజమల్లయ్య బొంబాయిలో ఒక సేటు దగ్గర గుమాస్తా. ఆ సేటుకు దక్షిణాఫ్రికాలో, నాటాలు రాష్ట్రంలోని డర్బను రేవులో బట్టల దుకాణం ఉంది. యుద్ధం అయిపోయి ఓడల్లో మళ్లీ మామూలు మనుషులు ఎక్కుతున్నారు గదా, సేటు తన మనుషుల కోసం పెట్టుకొన్న జాగల్లో రెండు మిగిలాయి. కొత్త దంపతులు పోయి సముద్రపు గాలి పీల్చుకొని రండి, దుకాణం వెనక గది ఖాళీగా ఉంది అన్నాడట సేటు. పైగా ఒక బొమ్మల పుస్తకం కూడా పంపాడు.

ఏం పుస్తకం అది! చలి ఎరుగని తీరం. బంగారు ఇసుక. ఒడ్డు దాకా చెరకు తోటలు, నది సముద్రంలో కలిసేచోట మొసళ్లు, నీటిగుర్రాలు. కొండల మీద తేనెతుట్టెల్లాంటి గడ్డి ఇళ్లు, వాటి ముందు రాణుల్లాగా నిలబడ్డ జులూ ఆడవాళ్లు. మన ఆషాఢం వచ్చేసరికి వాళ్లకు చలికాలమే గాని, ఎండ మాత్రం మన మాఘమాసంలాగా ఉంటుందట. అప్పుడే చిన్న చేపలు లెక్కలేనన్ని ఒడ్డు వెంట బారులు తీరి వస్తాయట.

ఆషాఢం అన్నాను గనుక అసలు సంగతి దాచడం ఎందుకు? ఆ నెలలో కొత్త కోడలు అత్తగారింట ఉండరాదు. అత్తాకోడళ్లు ఒక గడప దాటరాదు. నేను చేర్యాలలో మా పుట్టింటికి పోవాలి, మావారు సిద్దిపేటలో ఉండాలి. నాటాలులో మా అత్తమ్మ గడప లేదు గదా! నాకు కావలసింది మొసలి కాదు, నీటిగుర్రం కాదు. ఆయన పక్కన కూర్చుని, మొదలుపెట్టిన మాట ఒక్కటి చివరిదాకా మాట్లాడడం.

ఆ సాయంత్రానికే గల్లీలో నేను భూగోళ పండితురాలిని. ఎవరు అడిగినా అడగకపోయినా అక్షాంశాలు చెప్పాను. ఇంట్లో పుస్తకం పరిచి కూర్చున్నాను.

"గీ బర్రె ఎవరిది?" అన్నారు పెద్దత్తమ్మ. ఈమె మా మామ అక్క, రాధాబాయి.

"బర్రె కాదు పెద్దత్తమ్మా, నీటిగుర్రం."

"గుర్రమైతే ఎవరన్న ఎక్కుతరా?"

"ఎక్కరు."

"పాలిస్తదా?"

"దాని పిల్లకు ఇస్తుంది."

"మరి దాన్ని సూసెతందుకు ఓడెక్కి పోవుడా?"

తర్వాతి పేజీలో డర్బను రిక్షా మనిషి. తలకు పెద్ద కొమ్ములు, ఈకలు, ఒంటినిండా పూసల సింగారం. అత్తమ్మ ఒక్కసారి వంగి చూశారు. "మనిషిని లాగెతందుకు మనిషికి కొమ్ములు పెట్టిన్రా?" అన్నారు.

"హైదరాబాదులో కూడా రిక్షాలు లాగుతారు అత్తమ్మా."

"లాగుతరు. ఎద్దును చేసి ఫోటువ తియ్యలే గద."

నేను పేజీ తిప్పేశాను. కొత్త కోడలికి తెలివైన జవాబు తట్టనప్పుడు పేజీ తిప్పడం మంచిది.

అప్పుడు అత్తమ్మ అడగవలసిన ప్రశ్న అడిగారు. "తోడెవరు?"

కొత్త పెళ్లికూతురు తోడు లేకుండా గల్లీ మలుపు తిరగదు, సముద్రం దాటుతుందా? పెద్దత్తమ్మ వస్తానన్నారు. ఆమెకు మడి వంట గనుక చేతి సాయానికి అత్తమ్మ. ఇద్దరు ఆడవాళ్లు పోతే ఇంట్లో తానొక్కరే ఏం చేస్తానని మామ నాగేశంగారు. మా అమ్మకు తెలిసి, వియ్యంకులు పోయి మేము పోకపోతే నలుగురేమనుకొంటారని చేర్యాల నుంచి కబురు. వాళ్లతో ఆవకాయ జాడీలు, రుబ్బురోలు. నాటాలులో రోళ్లు ఉండవా అని నేనడిగితే, ఉంటాయి గాని మన రోలు కాదు గదా అన్నారు. దీనికి ఏ కాలేజీలోనూ జవాబు నేర్పరు.

ఇంతలో మేము ప్రాక్టీసు మొదలుపెట్టాం. పెరట్లో అర్ర కట్టడానికి తెప్పించిన వాగు ఇసుక కుప్పగా ఉంది. ఒక సాయంత్రం చెప్పులు విడిచి దాని మీద కూర్చున్నాం. గాలి కూడా వీచింది. "అల వస్తున్నది, కాళ్లు తియ్యి" అన్నారు మావారు. నేను నిజంగానే తీశాను. నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. ఆయన గొంతు తగ్గించి, "నీకొకటి చెప్పాలె" అన్నారు.

పెద్దత్తమ్మ చాటలో బియ్యం పట్టుకొని వచ్చారు. "గీడ సల్లగున్నది" అని మా ఇద్దరి నడుమ కూర్చున్నారు. వెనకనే అత్తమ్మ, కందిపప్పు. "అందరు గీడనే ఉన్నరేంది?" అని మామ కుర్చీ వేయించుకొన్నారు. ఇందులో నష్టం ఏముంది చెప్పండి? సముద్రం ఒడ్డున జనం లేకపోతే భయం కాదా? ఆ పూట అన్నంలో ఇసుక పలుకులు తగిలాయి. పుస్తకంలో లేని నాటాలు అనుభవం అది, మాకు ఇంట్లోనే దొరికింది.

ఆయన చెప్పాలనుకొన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఉత్తరం రాసుకోవచ్చు గదా అంటారేమో మీరు. మా ఇంటికి వచ్చే ఉత్తరం ఎవరిదైనా మామ తన బట్టల దుకాణంలో గద్దె మీద కూర్చుని గొంతెత్తి చదువుతారు. కాగితం పట్టుకొనేది చదవడానికే గదా, దాచడానికి కాదు గదా అని ఆయన వాదం. పెళ్లికి ముందు నేను మావారికి రాసినదాన్ని, బట్ట బేరానికి వచ్చిన మిరుదొడ్డి దుబ్బయ్య మొత్తం విని, "పిల్ల మంచిగ రాసింది, నాగేశం సావుకారీ" అని మెచ్చుకొని పోయాడట.

అందుకే జులూ పిల్లల పద్ధతి నాకు తెగ నచ్చింది. వాళ్లు మనసైనవాడికి పూసలు గుచ్చి పంపుతారని పుస్తకంలో ఉంది. తెల్లపూస అంటే ప్రేమ అట. ఆకుపచ్చ పూస అంటే, నీ కోసం చిక్కిపోయాను అని. నేను బజారు నుంచి పూసలు తెప్పించి, శ్రద్ధగా గుచ్చి, మావారి అంగీ తగిలించే మేకుకు వేలాడదీశాను. రంగుల అర్థం ఆయనకు చెప్పాలన్నది మాత్రం మరిచిపోయాను. చెప్పడానికి సందు దొరికితే పూసలు ఎందుకు?

తెల్లవారి చూస్తే ఆ దండ లేగదూడ మెడలో ఉంది. "మంచి పూసలు బిడ్డా, దిష్టి తగులకుంట కట్టిన" అన్నారు పెద్దత్తమ్మ. చిక్కిపోయానన్న నా కబురు మెడలో వేసుకొని ఆ దూడ రోజురోజుకూ బలుస్తోంది.

తర్వాత రాజమల్లయ్య ఉత్తరం వచ్చింది. మామ గద్దె మీద చదివారు. రెండు జాగలంటే ఇద్దరికేనట, పెళ్లి బారాత్‌కు కాదట. సేటు వాటిని వేరేవాళ్లకు ఇచ్చేశాడట. కింద ఇంకొక ముక్క: "మనసు చిన్న చేసుకోకండి. పుస్తకంల ఉన్న గా ఇసుక మీద మనోళ్లను కూసోనియ్యరు. తెల్లోళ్లకే అని బోర్డు ఉన్నదట. జులూవాళ్లను గూడ రానియ్యరు."

పుస్తకం మళ్లీ తెరిచి చూశాను. నిజమే. ఇసుక మీద ఒక్క జులూ మనిషి లేడు. వాళ్ల ఫోటోలు వేరే పేజీల్లో, మొసళ్ల తర్వాత ఉన్నాయి. అత్తమ్మ ఒక్క చూపులో పట్టిన సంగతి, అన్ని రోజులు ఒళ్లో పెట్టుకొని తిరిగిన నాకు పట్టలేదు. నేను అక్షాంశాలు చూస్తూ ఉన్నాను మరి.

ఇప్పుడు చెప్పండి, పోకపోవడం మేలా కాదా? అంత దూరం పోయి ఇసుక మీద కూర్చోకుండా తిరిగి రావడం కంటే, ఇక్కడే ఉండి కూర్చోకుండా ఉండడం ఎంత సుఖం! ఆ దొరల మీద నాకు జాలి కూడా కలిగింది. ఇద్దరు మనుషులను ఒకచోట కూర్చోనివ్వకుండా చేయడానికి పాపం వాళ్లు చట్టం చేయాలి, బోర్డు రాయించాలి, పోలీసును నిలబెట్టాలి. మా ఇంట్లో చాటెడు బియ్యం చాలు.

కాని ఆ బోర్డు పెట్టింది ఏవగింపుతో. ఈ చాట వచ్చింది ప్రేమతో. అక్కడే ఉంది చిక్కంతా. బోర్డు మీద తిరగబడవచ్చు, నలుగురూ మెచ్చుకొంటారు. బియ్యం ఏరుకొంటూ, "నడుమ కూసుంటె నాకు మంచిగనిపిస్తది బిడ్డా" అనే ముసలామె మీద ఎట్లా తిరగబడతాం? నాకైతే ధైర్యం లేదు. అందుకే తిరగబడలేదు. అబద్ధం ఆడాను.

ఆషాఢం దగ్గరికి వచ్చింది. చేర్యాల ప్రయాణానికి మామ పంచాంగం చూసి రేపు బాగుందన్నారు. బస్సులో పోతే భోజనం వేళకు పుట్టింట్లో ఉంటాను. మావారు దిగబెట్టి రావాలి, పెద్దత్తమ్మ తోడు. ఇవాళ పొద్దున అత్తమ్మతో, నాకు బస్సు పడదు, కడుపులో తిప్పుతుంది అన్నాను.

"పెండ్లయి వచ్చిననాడు బస్సులనే వచ్చినవు గద, పిల్లా."

"అప్పుడు కూడా తిప్పింది అత్తమ్మా. కొత్త గదా, చెప్పలేదు."

అత్తమ్మ నా ముఖం వైపు ఒక్క చూపు చూశారు. తర్వాత లోపలికి తిరిగి, "వదినా, పిల్లకు బస్సు పడదట. బండి కట్టిస్తున్న. నీ మోకాళ్లకు బండి కుదుపు ఆగదు, నువ్వు ఉండు" అన్నారు.

"మరి తోడు?" అని పెద్దత్తమ్మ గొంతు.

"దాని పెనిమిటి కాశీ ఉన్నడు. రెండు ఎడ్లున్నయి. ఇంకేం తోడు కావాలె?"

కనుక పాఠకులారా, రేపు కోడి కూయకముందే మా దుకాణం సరుకుబండి నన్ను ఎక్కించుకొని చేర్యాల దారి పడుతుంది. తోలేది మావారే. దారి బాగుంటే పొద్దుగూకేసరికి చేరుతామని మామ అన్నారు. దారి అంత బాగా ఏమీ లేదని విన్నాను. సద్ది మూట కట్టాను. ఎడ్లను తొందరపెట్టవద్దని మావారికి చెబితే, ముల్లుగర్ర ఇంట్లోనే వదిలి వస్తానన్నారు.