బల్లకొక మిఠాయి

ఆ ఉదయం కజికావా తోమోఎ వేసుకున్న పథకం చాలా చిన్నది. తరగతికి విశేషణాల భూతకాలం చెప్పాలి, చెప్పేటప్పుడు వాళ్ళ నోట్లో తియ్యటిది ఏదో ఒకటి పడాలి. బోర్డు మీద రాసిన తీపి ఎవరికీ ఎక్కదని, నోట్లో వేసుకున్నది కరిగిపోయాక మాత్రం "తియ్యగా ఉండింది" అనడం ఎలాంటి మొద్దుకైనా వస్తుందని ఆమె నమ్మకం. అందుకని తొయామా స్టేషన్ పక్క డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఎర్ర చిక్కుడు ముద్ద కూరిన మంజూలు ఒక పెట్టె కొన్నది. ఒక్కొక్కటీ విడివిడిగా తెల్ల కాగితంలో చుట్టి ఉంది. ఫిబ్రవరి చివరి వారం. ఆకాశం అంట్లు కడిగిన నీళ్ళ రంగులో ఉంది, మంచు కురుస్తూనే ఉంది.

కజికావా విదేశీయులకు జపనీస్ నేర్పే ఒక చిన్న బడిలో టీచరు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లిని కూడా పెంచుకోలేదు. ఉద్యోగం ఏడాది ఏడాదికీ కొనసాగించే రకం. కొనసాగింపంటే పెద్ద తతంగమేమీ లేదు. ఏటా ఈ రోజుల్లోనే హెడ్ టీచరు కురమోచి టీ పోసుకుంటూ, ముఖం చూడకుండా, "వచ్చే ఏడాది కూడా మీరే చూసుకోండి" అంటాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు మరో ఏడాది పొద్దున్నే లేవడానికి కారణం దొరుకుతుంది. ఈసారి ఆ మాట ఇంకా రాలేదు. కురమోచి టీ మాత్రం మామూలుగానే పోసుకుంటున్నాడు.

మంచుకు రైళ్ళు ఆగిపోయి తరగతికి నలుగురే వచ్చారు. కజికావా బోర్డు మధ్య గీత గీసింది. జపనీస్‌లో విశేషణాలు రెండు రకాలని చెప్పింది. మొదటి రకానికి చివర "ఇ" అనే తోక ఉంటుంది. జరిగిపోయినది చెప్పాలంటే అది తన తోక తానే కోసుకుని ఇంకో తోక అతికించుకుంటుంది. తీపి "అమాయి", తిన్నాక "అమాకత్తా". తీపి లేదనాలంటే మళ్ళీ కోసుకుని "అమాకునాయి". రెండో రకం అలాంటి పని చెయ్యదు. నిశ్శబ్దం "షిజుకా". నిన్నయినా నేడయినా, అవునన్నా కాదన్నా అది షిజుకాయే. దాని వెనక నిలబడ్డ చిన్న మాటే అవస్థలన్నీ పడుతుంది. నిన్నటికి "షిజుకా దత్తా", కాదనడానికి "షిజుకా జా నాయి".

ముందు వరసలో దిల్‌నోజా కూర్చుని ఉంది. తాష్కెంట్ నుంచి మొగుడితో వచ్చి, పగలంతా భోజనం పెట్టెలు సర్దే ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే మనిషి. మనసులో ఉన్నది దాచుకోవడం ఆమెకు ఏ భాషలోనూ రాదు.

"అర్థమైంది టీచర్ గారూ. రెండో రకం మా అత్తగారు. ఆవిడ మారదు, వెనకున్నవాళ్ళే మారాలి."

"మరి 'కిరేయి' చూడండి," అన్నది కజికావా. "అందమైనది అని అర్థం. చివర తోక ఉన్నట్టే కనబడుతుంది. కానీ రెండో రకమే. చూసి మోసపోకూడదు."

"అంటే కోడలి వేషం కట్టిన అత్తగారు."

కజికావాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తరవాత వచ్చిన నవ్వు కాబట్టి దాన్ని ఏం చెయ్యాలో తోచక దగ్గుగా మార్చేసింది. నలుగురూ మంజూలు తిని తియ్యగా ఉండిందని, గట్టిగా లేకపోయిందని చక్కగా చెప్పారు. అయినా పెట్టె ఇంకా నిండుగానే ఉంది. వాటి గడువేమో ఆ రోజుతో ఆఖరు.

పారేయడానికి చేతులు రాలేదు. స్టాఫ్ రూములోకి వెళ్తే ఎవరూ లేరు, అందరూ గేటు ముందు మంచు ఎత్తిపోస్తున్నారు. పిలిచి పెడితే థాంక్సులు వినాలి, వాటికి బదులు చెప్పాలి. ఆ బాధ లేకుండా కజికావా ఒక్కో బల్ల మూల ఒక్కో మంజూ పెట్టి, తానూ పార పట్టుకుని బయటికి వెళ్ళింది. ఆమె చేసిన నేరమంతా ఇంతే.

మంజూలను ముందుగా చూసింది ఆఫీసు గుమస్తా హొసోయా. ఆమె తన బల్ల మీది మంజూను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ గదిలో చెప్పాపెట్టకుండా బల్లకొక మిఠాయి వెలిసిందంటే, పెట్టినవాళ్ళు ఎక్కడికో ఊరికి వెళ్ళొచ్చి అయినా ఉండాలి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ అయినా ఉండాలి. కాగితం మీద ఏ ఊరి పేరూ లేదు, స్టేషన్ పక్క స్టోరు ముద్ర ఉంది. కజికావా ఏ ఊరికీ వెళ్ళే మనిషి కాదు. పైగా ఫిబ్రవరి నెలాఖరు, బడి ఏడాది మార్చితో ముగుస్తుంది. హొసోయా మంజూ తినేలోపు లెక్క తేలిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుని పక్క బల్లకు చెప్పింది, పక్క బల్ల ఆ పక్క బల్లకు చెప్పింది. అందరూ చివర ఒకటే అనుకున్నారు. ఆవిడే నోరు విప్పేదాకా మనం అడగకూడదు, బాగుండదు.

కురమోచి మాత్రం తన మంజూ వంక చాలాసేపు చూసి, బల్ల అడుగు సొరుగు తెరిచి, లోపల దేన్నో చూసుకుని, మళ్ళీ మూసేశాడు.

మర్నాటి నుంచి కజికావాకు కొత్త కష్టం వచ్చిపడింది. అందరూ ఆమెతో మంచిగా ఉండడం మొదలుపెట్టారు. ఫొటోకాపీ యంత్రం దగ్గరికి వెళ్తే వరసలో ముందున్నవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. స్టాప్లర్ అడిగితే విననట్టు ఉండే మనిషి, అడక్కుండానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె గదిలోకి రాగానే మాటలు ఆగిపోయి, కుర్చీలు కిర్రుమని, ఎవరో ఒకరు చలి గురించి ఎత్తుకునేవారు. హొసోయా అయితే ఆమెను చూసినప్పుడల్లా పెదవి కొరుక్కునేది. మనుషులు ఊరికే ఇంత మంచివాళ్ళు అయిపోరని కజికావాకు తెలుసు. అయితే తనకేదో రోగం ఉండాలి, లేకపోతే తన ఉద్యోగం పోయి ఉండాలి. రోగమేమీ లేదని పోయిన నెల పరీక్షల్లోనే తేలింది.

తరవాతి వారం ఒక పడుచు టీచరును తీసుకొచ్చి, కజికావా తరగతికే మాదిరి పాఠం చెప్పించారు. కజికావాను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, ఎలా చెప్పిందో మీరే అనాలన్నారు. ఆ అమ్మాయి చేతిలో పలక లాంటి తెర పట్టుకుని బొమ్మలతో విశేషణాలు చెప్పింది. బాగా చెప్పింది. కజికావా బాగా చెప్పిందనే అన్నది, చెప్పి మరుగుదొడ్డిలోకి వెళ్ళి కాసేపు గోడ చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ ఇనగాకి పిలిపించాడు. ఎవరినైనా కాదనాల్సి వస్తే నెలల తరబడి పళ్ళనొప్పి పేరుతో సెలవు పెట్టేంత సున్నితమైన మనిషి ఆయన. కిటికీలోంచి మంచు చూస్తూ మాట మొదలుపెట్టాడు.

"కజికావా గారూ, నేనేమీ అడగను. అడగడం బాగుండదు."

"అడగక్కర్లేదు సార్. నాకు తెలుసు."

"మీ మనసు కష్టపడకుండా చూడాలని మా అందరి తాపత్రయం."

"చూస్తూనే ఉన్నారు సార్. కాపీ యంత్రం దగ్గర కూడా."

"మార్చి ఆఖరు దాకా అయితే ఉంటారు కదా?"

"ఉండమంటే ఉంటాను."

"ఎంత మాట! మీరు ఉంటానంటే మాకు అంతకన్నా ఏం కావాలి?"

నిజం ఆ గదిలోకి అంత దగ్గరగా వచ్చింది మళ్ళీ లేదు. కానీ ఆయన అది మర్యాద కోసం అన్న మాట అనుకుంది ఆమె, ఆమెది వినయం అనుకున్నాడు ఆయన. ఇన్నాళ్ళూ భరించినందుకు ఆమె నడుము దాకా వంగింది. ఇన్నాళ్ళూ పనిచేసినందుకు ఆయన ఇంకాస్త వంగాడు. ఇద్దరూ వంగి ఉండగా ఒకరి ముఖం ఒకరికి కనబడలేదు.

మొదటి రకం విశేషణం లాంటిది కజికావా. ఎవరూ కత్తి తియ్యకముందే తన తోక తానే కోసుకుంటుంది. చివరి రోజున సామాను సర్దుతూ పదిమంది ముందు నిలబడడం ఇష్టం లేక, రోజుకు కొంచెంగా బల్ల ఖాళీ చెయ్యసాగింది. ఒక రోజు టీ కప్పు, ఒక రోజు బడిలో తొడుక్కునే చెప్పులు. ఇంకో రోజు కిటికీలో తను పెంచుతున్న బెగోనియా కుండీని ఒళ్ళో పెట్టుకుని, మంచు కలిసిన వానలో బస్సెక్కి ఇంటికి పోయింది. బస్సులో కుదుపు కుదుపుకీ ఒక్కో పువ్వు రాలింది. ఆ రాత్రి వంట చెయ్యబుద్ధి కాలేదు. అక్కడ బడిలో కుండీ లేని కిటికీ చూసి, ఇంకా ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అదీ తీరిపోయింది. హొసోయా చందాలు పోగుచేసి పూలగుత్తికి చెప్పేసింది.

వీడ్కోలు శనివారం మధ్యాహ్నం, తరగతి గదిలోనే. సుషీ పళ్ళేలు వచ్చాయి. తలుపుకు దూరంగా ఉన్న పెద్ద కుర్చీలో కజికావాను కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ ఉపన్యాసంలో ఆమె కష్టజీవి, నిరాడంబరురాలు, ఎవరినీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు అన్నాడు. చచ్చిపోయినవాళ్ళ గురించి కూడా ఇవే చెబుతారని కజికావాకు గుర్తొచ్చింది. తరవాత విద్యార్థుల తరఫున దిల్‌నోజా లేచింది. ఆమె చేతిలో రాసిచ్చిన కాగితం ఉంది. అది మడిచి జేబులో పెట్టుకుంది.

"టీచర్ గారూ, ఎందుకు వెళ్ళిపోతున్నారు?"

గదిలో ఎవరి చేతిలో సుషీ వాళ్ళ చేతిలోనే ఆగిపోయింది. ఈ నెలరోజుల్లో ఆ ప్రశ్న నోటితో అడిగిన మొదటి మనిషి ఆమె.

"నేను వెళ్ళడం లేదమ్మా," అన్నది కజికావా, నేల చూస్తూ. "వెళ్ళమన్నారు."

"ఎవరు? మీరా సార్?"

"నేనా?" అన్నాడు ప్రిన్సిపాల్. "ఆవిడే కదా మానేస్తానన్నది."

"ఎవరితో అన్నది?"

ప్రిన్సిపాల్ కురమోచి వైపు చూశాడు. కురమోచి హొసోయా వైపు చూశాడు. హొసోయా సుషీ పళ్ళెం వైపు చూస్తూ, "మరి ఆ మిఠాయి..." అన్నది.

"గడువు అయిపోతుందని పెట్టాను," అన్నది కజికావా.

కజికావాకు ముందు ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం ఉంది, ఏప్రిల్ ఉంది, పొద్దున్నే లేవడానికి కారణం ఉంది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. తను వెళ్ళిపోతోందని ఇంతమంది నెలంతా నమ్మారు. దారి ఇచ్చారు, స్టాప్లర్ ఇచ్చారు, పూలు కూడా తెచ్చారు.

"ఉండమని ఒక్కరైనా అనలేదేం?" అని అడిగింది. అంత గట్టిగా అడుగుతానని ఆమే అనుకోలేదు.

"అంటే మీ నిర్ణయాన్ని గౌరవించనట్టు ఉంటుందని..." అని ప్రిన్సిపాల్ చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనకు పన్నునొప్పి మొదలైంది.

అప్పుడు కురమోచి లేచి స్టాఫ్ రూములోకి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక పెట్టె ఉంది, అడుగు సొరుగులోది. బియ్యపు అప్పడాలు, విడివిడిగా చుట్టినవి. మంచు పడ్డ రోజునే తెచ్చాడట. గేటు ముందు మంచు ఎత్తి వచ్చి అందరి బల్లల మీదా పెడదామనుకున్నాడు. వచ్చేసరికి బల్లకొక మంజూ ఉంది. ఇద్దరూ ఒకేసారి పోతే బడి నడవదని నోరు మూసుకున్నాడు. కజికావాతో ఏటా అనే మాట ఈసారి అనకపోవడానికీ అదే కారణం. వచ్చే ఏడాది లేనివాడు వచ్చే ఏడాది గురించి ఏమని చెబుతాడు?

"ఇప్పుడు మీరు ఉంటున్నారు కాబట్టి," అని ఆయన ఒక్కొక్కరి ముందు ఒక్కో అప్పడం పెట్టసాగాడు. "ఇవి పాడవలేదు, తినండి."

బడి పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. గోడలు మారినా తను మారని మనిషి. ఈయన ఎక్కడికి పోతాడని అందరి ధీమా. రెండో రకం అనుకున్న ఆ మనిషే పెట్టె పట్టుకుని వీడ్కోలు పంచుతున్నాడు. అందరూ తలలు వంచి తమ తమ అప్పడాలు చూసుకుంటున్నారు. కజికావా మాత్రం లేచి ఎదురుగా నిలబడింది.

"ఎందుకు వెళ్తున్నారు కురమోచి గారూ?"

ఆయన పెట్టె కింద పెట్టాడు.

"నాకూ సరిగ్గా తెలీదు. పోయిన ఏడాది ఆకులు రాలేటప్పుడు మనసేం బాగుండలేదు. ఎవరైనా ఏమైందని అడుగుతారేమోనని చూశాను. అడిగి ఉంటే ఉండేవాణ్ణేమో. ఇప్పుడు మా చెల్లెలు వాళ్ళ ఊళ్ళో ఇల్లు మాట్లాడేసుకున్నాను."

"వెళ్ళకండి," అన్నది కజికావా.

కురమోచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ మాట చాలా బాగుందన్నాడు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే ఇంకా బాగుండేదన్నాడు. పూలగుత్తి ఆయన చేతికే ఇచ్చారు. రిబ్బను మీద కజికావా పేరు ఉంటే, హొసోయా దాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పింది.

ఏప్రిల్లో హెడ్ టీచరు కుర్చీ కజికావాకు వచ్చింది, బెగోనియా కుండీ కిటికీలోకి వచ్చింది. కజికావా పాత తరగతికి ఆ పడుచు టీచరు వచ్చింది. మొదటి రోజు చెర్రీ పూల మీద సన్నగా వాన పడుతోంది. కజికావా తన బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మూలన తెల్ల కాగితంలో చుట్టిన మిఠాయి ఉంది. అన్ని బల్లల మీదా ఉంది. కొత్తగా చేరినవాళ్ళు కూడా పలకరింపుగా మిఠాయి పెడతారని ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు, అక్కడ కొత్తవాళ్ళు చేరి చాలా కాలమైంది. హొసోయా కళ్ళు తుడుచుకుని, పాపం చేరి ఇంకా పూట కూడా కాలేదే అన్నది.

కజికావా లేచింది. ఈసారి అడిగి తీరాలనుకుంది. తరగతి తలుపు దాకా వెళ్ళింది. లోపల ఆ అమ్మాయి బోర్డు మధ్య గీత గీస్తోంది. హెడ్ టీచరు ముఖం చూసి కంగారుపడి, నేనేమైనా తప్పు చేశానా మేడమ్ అని అడిగింది. ఏమీ లేదమ్మా అని, తలుపు చేరవేసి వచ్చేసింది కజికావా.

ఆ మధ్యాహ్నం ఫొటోకాపీ యంత్రం దగ్గర కొత్త టీచరుకు అందరూ దారి ఇచ్చారు.