గుడ్ మార్నింగ్ బంద్

వచ్చే స్వాతంత్ర్య దినోత్సవం నాటికి మన సెయింట్ ఒడీల్ ద్వీపాన్ని ప్రపంచ సినిమా రాజధానుల సరసన కూర్చోబెడతామని మత్స్య, సాంస్కృతిక, చలనచిత్ర శాఖల మంత్రి గౌరవనీయులు ఎవరిస్టస్ పాంపీ గారు రేడియోలో ప్రకటించారు. చావు కబుర్లకీ తుఫాను హెచ్చరికకీ మధ్య దొరికిన కాస్త టైములో అంత పెద్ద మాట చెప్పగల నాయకుడు ఆయనొక్కరే. ఆ పూట పోయినవాళ్ల బంధువులు కూడా ఏడుపు ఆపి విన్నారని తర్వాత తెలిసింది.

నేను ఆయన కారు డ్రైవర్ని. పేరు అంబ్రోజ్. మంత్రిగారి గొప్పతనాన్ని రోజూ వెనకసీట్లో పెట్టుకుని తిప్పినవాణ్ణి కనుక పత్రికా పాఠకులకు నిజం చెప్పే బాధ్యత నా మీద పడింది.

మాకు ఒకప్పుడు సినిమా హాలుండేది. దాని కప్పు తుఫానులో ఎగిరి పక్క ద్వీపంలో దిగింది. వాళ్లు తిరిగివ్వలేదు. మంత్రిగారు ఏమాత్రం నిరుత్సాహపడకుండా దాన్ని ఓపెన్ ఎయిర్ సదుపాయంగా ప్రకటించారు. ప్రస్తుతం అందులో కాపురముంటున్న మేకలకు ఖాళీ చెయ్యమని నోటీసు కూడా అంటించారు. నోటీసును మేకలు అదే రోజు తినేశాయి.

ఇంత హడావిడి దేనికని మీరడగొచ్చు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. పోయినసారి శంఖం పార్టీ టికెట్టు మీద ఆయనకొచ్చిన మెజారిటీ మొత్తం నా కార్లో పడుతుంది, డిక్కీ తెరవక్కర్లేదు. అందుకని పోలింగుకు ముందే ఒక సినిమా తీసి, జనానికి చూపించి, సీటు నిలబెట్టుకోవాలి. సీటు పోతే కారు పోతుంది. కారు పోతే నేనేమవుతానో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సినిమా పేరు 'చప్పుడు చెయ్యని హంతకుడు'. డైరెక్టర్ డెస్మండ్ లారోష్. మావాడే. టొరంటోలో పెళ్లి వీడియోలు తీసి పేరు తెచ్చుకున్నాడు. హంతకుడి వేషం పోస్ట్‌మన్ ఇగ్నేషియస్ ప్రాస్పెర్‌కిచ్చారు. ఊళ్లో అన్ని ఇళ్లూ తెలిసినవాడు, కుక్కలు కరవవు, అంతకన్నా అర్హతేం కావాలి?

మొదటి షాట్ చర్చి వీధిలో. ఇగ్నేషియస్ నల్లకోటు కాలరు పైకెత్తి, కత్తి చేతబట్టి, పిల్లిలా అడుగులేసుకుంటూ వస్తున్నాడు. వరండాలో తాంతీ తెల్మా పచ్చి కందికాయలు ఒలుస్తోంది. ఊరందరికీ ఆవిడ పెద్దమ్మ వరస, అందుకే అందరం తాంతీ అంటాం.

"గుడ్ ఆఫ్టర్‌నూన్," అంది తాంతీ.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ తాంతీ! మోకాలెలా ఉంది?" అన్నాడు హంతకుడు.

"కట్! కట్!" అని డెస్మండ్ పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు హంతకుడివయ్యా! దొంగచాటుగా వెళ్తున్నావు!"

"దొంగచాటుగానే వెళ్తున్నా. ఆవిడ చూసిందిగా మరి?"

"చూసినా పలక్కూడదు!"

"భలేవాడివే! ఆవిడ నా గాడ్‌మదర్. పలక్కుండా పోయాననుకో, పొద్దుగూకే లోపు మా అమ్మ దగ్గరికి పోతుంది. అప్పుడు హత్య మా ఇంట్లో జరుగుద్ది."

డెస్మండ్ తాంతీ వైపు తిరిగాడు. "తాంతీ, నీ కాళ్లు పట్టుకుంటా, నువ్వైనా పలకరించకు."

"ఏరా డెస్మండూ, టొరంటోలో నీకు నేర్పింది ఇదా? నా వరండా ముందు నుంచి మనిషి పోతుంటే నేను మొహం తిప్పుకోవాలా? కత్తి పట్టుకున్నాడు కాబట్టి వాడు మనిషి కాకుండా పోయాడా?"

తాంతీని బతిమాలి లోపల కూర్చోబెట్టారు. ఇగ్నేషియస్ మళ్లీ నడిచాడు. ఈసారి కిటికీలోంచి పలకరించింది.

సరే, వీధి వద్దు, గదిలో తీద్దామన్నారు. శవం వేషం హెడ్‌మిస్ట్రెస్ మిస్ యూఫేమియా గారిది. ఛాతీ మీద టొమాటో సాసు పోయించుకుని నేలమీద చక్కగా పడుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తలుపు తీసుకుని లోపలికొచ్చి, టోపీ తీసి, గుడ్ మార్నింగ్ అన్నాడు.

"గుడ్ మార్నింగ్," అంది శవం.

"మిస్, మీరు చచ్చిపోయారు!" అన్నాడు డెస్మండ్ జుట్టు పీక్కుంటూ.

"చచ్చిపోతే మర్యాద కూడా చావాలా? నా స్కూలు పిల్లలు చూస్తారు ఈ సినిమా."

మూడు వారాలు ఇదే తంతు. ఒక్క సీను కూడా పూర్తికాలేదు. మంత్రిగారికి అన్నం సయించలేదు. ఉప్పుచేప వేసిన వేపుడు రొట్టెలంటే ప్రాణం ఆయనకి, అవి కూడా సగం వదిలేసి నాకిచ్చారు. అప్పుడే నాకు భయమేసింది.

"అంబ్రోజ్, మన దేశానికి సినిమా పరిశ్రమ ఎందుకు రాలేదో కనిపెట్టాను," అన్నారు వెనకసీట్లోంచి.

"ఎందుకండీ?"

"మర్యాద. పెద్ద పెద్ద సినిమా దేశాల్లో ఎవరైనా ఎవరినైనా పలకరిస్తారా?"

"టొరంటోలో పలకరించరటండీ. డెస్మండ్ చెప్పాడు."

"అదీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటే!" అన్నారు మంత్రిగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు అద్దంలో నాకు స్పష్టంగా కనిపించింది.

మర్నాడు గెజెట్లో ఉత్తర్వు వచ్చింది. చలనచిత్రాభివృద్ధి నిమిత్తం పలకరింపులు తాత్కాలికంగా నిలుపుదల. వీధిలో, కొట్లో, బస్సులో, వరండాలో ఎవరూ ఎవరికీ గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్, గుడ్ ఈవినింగ్ చెప్పరాదు. అంత్యక్రియలకు మినహాయింపు. పడవలోంచి పడిపోతున్నవాడు సాయానికి కేకెయ్యవచ్చు గానీ గుడ్ మార్నింగ్‌తో మొదలుపెట్టరాదు. ఇంత దూరం ఆలోచించిన ఉత్తర్వు మా దేశ చరిత్రలో లేదు.

అమలు చేసే పని పోలీసు కార్పొరల్ బార్తలమ్యూకి అప్పజెప్పారు. ఆయన మొదటిరోజే రొట్టెల బేకరీ మీద దాడి చేశాడు.

"గుడ్ మార్నింగ్ అందరికీ! ఇక్కడెవరో గుడ్ మార్నింగ్ అన్నారని కంప్లయింటొచ్చింది."

"గుడ్ మార్నింగ్ కార్పొరల్!" అంది బేకరీ మొత్తం.

అందర్నీ వ్యాన్ ఎక్కించాడు. నిజాయితీపరుడు, తనూ వెనకే ఎక్కాడు. స్టేషన్లో తన స్టేట్‌మెంట్ తనే రాసుకుని, తనని తను గట్టిగా మందలించి పంపించాడు. ఈ వార్త విన్నాక జనానికి భయం పట్టుకుంది. తనని తనే వదలనివాడు మనల్ని వదులుతాడా?

మెల్లమెల్లగా ఊరు దారికొచ్చింది. బస్సెక్కేవాళ్లు కళ్లు దించుకుని ఎక్కారు. చేపల మార్కెట్లో వేలు చూపించి కొనుక్కున్నారు. ఎదురెదురిళ్లవాళ్లు, 'ముందు నువ్వు మొహం తిప్పావంటే ముందు నువ్వు' అని మనసులోనే పోట్లాడుకుని విడిపోయారు. మా ఆవిడ కూడా నాకు గుడ్ మార్నింగ్ చెప్పడం మానేసింది. ఉత్తర్వు వల్లనో, ఇంకెందుకో అడిగే ధైర్యం చాల్లేదు. నాకు మాత్రం గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టే ఉండేది. కానీ దేశం కోసం కదా, మింగాను.

షూటింగ్ రైలులా సాగిపోయింది. మా దగ్గర రైలు లేదు, ఉంటే అలాగే సాగేదని డెస్మండ్ అన్నాడు.

అంతా బాగానే ఉంది గానీ మంత్రిగారికి ఒక చిక్కొచ్చింది. మా నియోజకవర్గంలో సర్వే అంటే పొద్దున్నే కారు అద్దం దించి గుడ్ మార్నింగ్ అనడమే. జవాబుగా 'గుడ్ మార్నింగ్ ఎవరిస్టస్, పిల్లలు బావున్నారా?' అని వస్తే ఆ ఇల్లు మనది. ఉత్త 'మార్నింగ్' అయితే అనుమానం. 'ఊఁ' అంటే ఎదుటి సీమపనస పార్టీ. తాతల నాటి లెక్క, ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఆయన ఉత్తర్వు వల్ల ఆయనే సర్వే చేసుకోలేకపోయారు. అద్దం దించి, నోరు తెరిచి, గుర్తొచ్చి, మూసుకునేవారు. జనం కూడా నోరు తెరిచి మూసేవారు. చేపల తొట్టి మధ్యలోంచి కారు నడుపుతున్నట్టుండేది నాకు.

"మనం గెలుస్తామంటావా అంబ్రోజ్?"

"సినిమా చూశాక మీకే అర్థమవుద్దండీ," అన్నాను.

ఆ సినిమాలో మంత్రిగారు కూడా ఉన్నారు. తనకో పాత్ర ఉండాల్సిందేనని పట్టుబట్టారు. చర్చి వీధిలో నడిచిపోయే ఊరి పెద్దమనిషి పాత్ర. డైలాగు లేదు. ఉత్తర్వు ఇచ్చినవాడే ఉత్తర్వు తప్పితే బావుండదు కనుక తాంతీ తెల్మా వరండా ముందు నుంచి ఛాతీ విరుచుకుని, అటు చూడకుండా నడిచారు. తాంతీ చెయ్యి అలవాటుకొద్దీ సగం లేచి, గాల్లోనే ఆగిపోయింది. కట్ అనగానే ఆయన వెనక్కి పరిగెత్తి, లక్షసార్లు క్షమాపణ చెప్పి, బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టారు. నేను కళ్లారా చూశాను. కెమెరా మాత్రం అప్పటికే మూసేశారు.

ప్రీమియర్ నెట్‌బాల్ కోర్టులో పెట్టారు. రెండు తెరచాపలు కలిపి కుట్టి తెర కట్టారు. ద్వీపంలో నడవగలిగినవాళ్లంతా ఆదివారం టోపీలు పెట్టుకుని వచ్చారు. ఉత్తర్వు అమల్లోనే ఉంది కనుక ఎవరూ ఎవరినీ పలకరించకుండా వచ్చి కూర్చున్నారు. అంతమంది ఒకచోట చేరి కిక్కురుమనకపోవడం నేనెప్పుడూ చూడలేదు. మంత్రిగారు దాన్ని క్రమశిక్షణ అన్నారు.

సినిమా మొదలైంది. కాసేపటికి తెరమీద, ఇంటంత ఎత్తున, మంత్రిగారు వచ్చారు. తాంతీ తెల్మా వరండా వచ్చింది. తాంతీ చెయ్యి సగం లేచింది. మంత్రిగారు ముక్కు పైకెత్తుకుని నడిచిపోయారు.

కోర్టు మొత్తం 'హా' అంది.

తాంతీ లేచి నిలబడింది. "ఏరా ఎవరిస్టస్! తెరమీద అంతెత్తున ఉన్నావు, ఒక్క మాటకి నోరు రాలేదూ?"

"తాంతీ, అది యాక్టింగ్!" అన్నారు మంత్రిగారు వీఐపీ కుర్చీలోంచి. "షాట్ అయ్యాక బిస్కెట్ల డబ్బా తెచ్చిచ్చానుగా!"

"బిస్కెట్లు ఏవి? తెరమీద ఎక్కడున్నాయి, చూపించు!"

చూపించలేకపోయారు. ఆ తర్వాత తెరమీద నడిచిన ప్రతివాడూ ఎవరినీ పట్టించుకోకుండా నడిచాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తియ్యలేదు. పాదిరి పక్కవాణ్ణి చూడలేదు. శవం నోరు విప్పలేదు. మన ఊరే, మన మనుషులే, చూస్తుంటే ఒళ్లు జలదరించింది. నా పక్కనున్నావిడ శిలువ గుర్తు వేసుకుంది.

అప్పుడు మిస్ యూఫేమియా గది వచ్చింది. హంతకుడు కత్తి ఎత్తాడు. ఎత్తి, ఆగి, తల వంచి, మెల్లగా అన్నాడు: "గుడ్ ఈవినింగ్, మిస్ యూఫేమియా."

ఆ ముక్క తీసెయ్యడానికి డెస్మండ్ చెయ్యని ప్రయత్నం లేదు. 'చెప్పకుండా మనిషిని పొడవడం నా వల్ల కాదు, కావాలంటే వేరేవాణ్ణి చూసుకో' అని ఇగ్నేషియస్ కత్తి కింద పెట్టేశాడట.

నెట్‌బాల్ కోర్టు ఒక్క గొంతుతో లేచింది. "గుడ్ ఈవినింగ్ ఇగ్నేషియస్!" వారాల తరబడి దిగమింగిన పలకరింపులన్నీ ఒక్కసారి బయటికొచ్చేశాయి. కార్పొరల్ బార్తలమ్యూ అందరికన్నా గట్టిగా అరిచాడు. నేనూ అరిచాను, దాచడం దేనికి, ఏడ్చాను కూడా.

అతను రెండో హత్యకి ముందు గుడ్ ఈవినింగ్ అన్నాడు. మూడోదానికి ముందు ఇంట్లోవాళ్ల క్షేమం కూడా అడిగాడు. పొడిచిన ప్రతిసారీ జనం కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత పెంపకం!" అన్నారెవరో. ముందు వరసలో ఇగ్నేషియస్ వాళ్లమ్మ టోపీ సర్దుకుంది.

సీమపనస పార్టీకి మా నియోజకవర్గంలో అప్పటిదాకా అభ్యర్థే దొరకలేదు. నామినేషన్లకి మర్నాడే ఆఖరు. పొద్దున్నే వాళ్లు పోస్టాఫీసుకెళ్లి, ఉత్తరాలు సర్దుకుంటున్న ఇగ్నేషియస్‌ని భుజాల మీద ఎత్తుకుపోయారు.

మంత్రిగారు వెంటనే ఉత్తర్వు రద్దు చేశారు. కారుకి మైకు కట్టించి ద్వీపమంతా గుడ్ మార్నింగ్ చెప్పారు. గొంతు పోతే నాచేత చెప్పించారు. వరండాల్లోంచి 'ఊఁ' అని జవాబొచ్చింది. పాపం, తాంతీ తెల్మా ఇంటి ముందు కారు దిగి మోకాళ్ల మీద కూర్చుని చెప్పారు. ఆవిడ కందికాయలు ఒలుస్తూనే ఉంది. ఆ రోజు తిరుగుదారిలో ఆయన నా పక్కసీట్లో కూర్చున్నారు.

పోలింగు రోజు ఎవరిస్టస్ గారి సొంత బావమరుదులే హంతకుడికి ఓటేశారు. 'అతను చంపితే చంపాడు, మనిషిని మనిషిగా చూశాడు' అని బాహాటంగానే చెప్పారు. ఇగ్నేషియస్ ప్రాస్పెర్ గారు గెలిచి, ఆయన పార్టీయే ప్రభుత్వంలోకి రావడంతో మత్స్య, సాంస్కృతిక, చలనచిత్ర శాఖల మంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన్ని మేమింక గారు అనాలి. డ్రైవర్‌గా నన్నే ఉంచారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మొదటిరోజు పొద్దున్నే కారు కడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. వీధికి రెండువైపులా ఊరంతా టోపీలు చేతిలో పట్టుకుని నిలబడింది. అందరికన్నా ముందు తాంతీ తెల్మా, కర్ర ఊతంగా.

మంత్రిగారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి వెనకసీట్లో కూర్చున్నారు.

"గుడ్ మార్నింగ్ సార్," అన్నాను.

బయట తాంతీ కూడా చెయ్యెత్తింది. "గుడ్ మార్నింగ్ నాయనా ఇగ్నేషియస్!"

మంత్రిగారు ఫైలు తెరిచారు.

"అద్దం ఎత్తు," అన్నారు.

ఎత్తాను.